తొలిసారి కచేరీకి వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

కాలేజీలో ఒక మ్యూజియం, ఒక కర్ణాటక సంగీత కచేరీ చూసి రాసుకు రమ్మన్నారనీ, రెండూ కొత్తే కాబట్టి టెన్షన్‌గా ఉందనీ అన్నావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం సంగతి. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకో. ఆదివారం రద్దీగా ఉంటుంది, వద్దు. లోపల దాదాపు 40 గ్యాలరీలున్నాయి. వాటన్నిటినీ ఒక్కరోజులో చూడాలని మాత్రం అనుకోకు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మమ్మల్ని బస్సులో తీసుకొచ్చి, "నడవండి, నడవండి" అంటూ రెండు గంటల్లో మొత్తం తిప్పేశారు. గంటలు కొట్టే గడియారం దగ్గర నాకు కనిపించింది ముందు నిలబడ్డ పిల్లల తలలే. ఆ బాధ చాలా ఏళ్లు ఉండిపోయింది. నువ్వు మూడు వస్తువులు ఎంచుకో, చాలు.

వాటిలో ముసుగు రెబెక్కా ఉండాలి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీద ముసుగు, ఆ ముసుగులోంచి ముక్కు, పెదవులు, దించుకున్న కళ్లు కనిపిస్తాయి. అంతా రాయే అని తెలిసి కూడా, ఆ ముసుగు కాస్త పక్కకి జరపాలనిపిస్తుంది. ఎదురుగా చూసి వచ్చేయకు. మెల్లగా పక్కకి జరుగుతూ, ముక్కు దగ్గర పల్చగా ఉన్న ముసుగు మెడ దగ్గరికి వచ్చేసరికి ఎలా మడతలు పడిందో చూడు. పక్కనున్న చీటీ తర్వాత చదువుకో. ముందు నీకేం కనిపించిందో నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకో, తెలుగులోనే.

రెండోది మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా కొయ్యబొమ్మ. జర్మన్ కవి గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలో సైతాను, ఒక అమాయకపు అమ్మాయి వీళ్లు. ముందు గర్వంగా నిలబడ్డ మగవాడు, వెనకాల అద్దంలో తల వంచుకున్న అమ్మాయి. ఇద్దరూ ఒకే దుంగలోంచి వచ్చారు. మూడోది నీ ఇష్టం.

ఇక కచేరీ. రవీంద్రభారతిలో గానీ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో గానీ చాలా కార్యక్రమాలకి టికెట్ ఉండదు. పావుగంట ముందే వెళ్లి, ముందు వరసల్లో ఎడమవైపు కూర్చో. మృదంగం సాధారణంగా మనకి ఆ పక్కనే ఉంటుంది. మొదలయ్యే ముందు రాయితో, చిన్న కర్రముక్కతో అంచు మీద తడుతూ శ్రుతి చేస్తారు. కొందరు ఎడమ మూత మీద తడిపిన రవ్వముద్ద అద్దుతారు, ఆ గంభీరమైన నాదం రావడానికి. అది చూస్తూ, వెనక ఆగకుండా మోగే తంబురా వింటూ ఉంటే చెవి దానంతటదే కుదురుకుంటుంది.

రాగం పేరు తెలియాలని బెంగపడకు. పాడేవాళ్ల చెయ్యి చూడు. ఎక్కువగా వినిపించేది ఆది తాళం: ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ వేసి అరచెయ్యి తిప్పడం రెండుసార్లు. మొత్తం ఎనిమిది. నీ ఒళ్లో నువ్వూ వేసుకో, తప్పితే మళ్లీ అందుకో. పల్లవిలో మాటలు పట్టుకో. తమిళనాడులోని తిరువయ్యారులో ఉండి కూడా త్యాగరాజు రాసింది ఎక్కువగా మన తెలుగులోనే కదా, నీకు అర్థమవుతాయి.

గాత్రం ఆగి మృదంగం ఒక్కటే వాయిస్తారు, తని ఆవర్తనం అంటారు. అప్పుడు చాలామంది లేచి కాఫీకి వెళ్తారు. నా మొదటి కచేరీలో వాళ్లని చూసి నేనూ లేచి వెళ్లాను. తిరిగొచ్చేసరికి హాలంతా చప్పట్లు. ఏం పోగొట్టుకున్నానో పక్కనున్న ముసలాయన ముఖం చూస్తేనే తెలిసింది. నువ్వు మాత్రం లేవకు. మధ్యలో వెళ్లక తప్పకపోతే పాట అయ్యాకే లే.

శనివారం గానసభకి నేనూ వస్తాను. మంగళం పాడేదాకా ఉందాం. ఆలస్యమైతే హాస్టల్‌కి వద్దు, రాత్రికి మా ఇంట్లోనే పడుకుందువుగాని. వార్డెన్‌కి ముందే చెప్పు.

మీ పెద్దమ్మ