గ్లాసులెవరు కడుగుతారు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘మా నాన్న, ఆయన పుస్తకాలు’ నిదానంగా చదివాను. పత్రికకి పంపే ముందు ఒక మాట చెప్పమన్నావు గనక చెబుతున్నాను: ఇప్పుడే పంపకు. రాత బాగాలేక కాదు. వాక్యం నీ చేతికి బాగానే లొంగుతోంది. వ్యాసం నిండా పుస్తకాలున్నాయి, మీ నాన్నగారే లేరు.

మొదటి పుటంతా పేర్లే. గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్, శ్రీశ్రీ, కొడవటిగంటి కుటుంబరావు. ఈ వరస ఇల్లెందులో బొగ్గుబాయిలో పనిచేసిన మీ నాన్నగారిది కావచ్చు, బెజవాడలో ఒక ప్లీడరుది కావచ్చు, వరంగల్లులో ఒక లెక్చరరుది కావచ్చు. ఆ తరంలో ఎర్రజెండా వైపు ఒక్కసారైనా తలతిప్పి చూసినవాళ్ళ ఇంట్లో ఏ అలమరా తెరిచినా ఇంచుమించు ఇవే ఉంటాయి. పుస్తకాల పేర్లు చెబితే మనిషి తెలుస్తాడని అనుకున్నావు. తెలియడు. ఆయన కొన్నవి తెలుస్తాయి, అంతే.

తర్వాత, ‘చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, మంచి పుస్తకం కొనుక్కో’ అన్న మాటని తెచ్చి పెట్టావు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ మాట రాయని బ్యానరుండదు. దాన్ని తీసెయ్. మీ నాన్నగారి చొక్కా చిరిగిందా లేదా, అది చెప్పు. చిరిగితే కుట్టిందెవరు? ఆ నెల జీతంలో పుస్తకానికి పోయిన డబ్బు గురించి ఇంట్లో ఏం మాట వచ్చింది? కొత్త పుస్తకం వాసన గురించి కూడా రాశావు. ఆ వాసనని తెలుగులో ఇప్పటికే చాలామంది పీల్చేశారు నాయనా, నీకు మిగల్లేదు.

ఇక, ‘పుస్తక పఠనం మనిషిని సంస్కరిస్తుంది’ అని మీ నాన్నగారు అనేవారని రాశావు. ఆయన్ని నేను చూడలేదు. అయినా ఆ మాట ఆయన అనలేదని చెప్పగలను. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి అలా మాట్లాడడు. ఆయన అన్నదేదో నీకు గుర్తుంది, అది అచ్చుకి తగదేమోనని నువ్వే దిద్దావు. ఉన్నదున్నట్టు రాయి.

మా అమ్మ సంగతి కొంచెం చెబుతాను. చదివే మనిషిని ఎక్కడ పట్టుకోవాలో దానివల్ల నీకు తెలుస్తుందేమో.

మాది తెనాలి దగ్గర పల్లె. అమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. వారపత్రిక కొనే స్తోమత మాకు లేదు. ఊళ్ళో ఒక పెద్దింటికి ఆంధ్రప్రభ వారపత్రిక వచ్చేది. వాళ్ళు చదివాక మాస్టారి ఇంటికి, అక్కణ్ణుంచి ఇంకొకళ్ళకి, ఆఖరున మాకు. ఆఖరి ఇల్లు కావడం అమ్మకి కలిసొచ్చింది, ఇక తిరిగివ్వక్కర్లేదు. అట్లకాడ కొసతో పిన్నులు లేపి, సీరియల్ కాగితాలు వేరు చేసి, ట్రంకుపెట్టెలో చీరల కింద వరసగా పెట్టేది. నవల అయిపోయాక తెనాలి పంపించి బైండు చేయించేది. అట్ట మీద పాత క్యాలెండరు కాగితం. అప్పట్లో చాలా ఇళ్ళలో నవలలు ఇలాగే తయారయ్యాయి, ఇది మా అమ్మ ఒక్కదాని గొప్పేం కాదు.

ఆవిడది అనదగింది ఇంకొకటుంది. మధ్యలో ఎవరో ఒకరు పత్రిక పోగొట్టేవాళ్ళు, ఆ వారం భాగం ఉండేది కాదు. అక్కడ అమ్మ ఒక తెల్లకాగితం పెట్టి కుట్టించేది. ఆ వారం కథలో ఏం జరిగి ఉంటుందో ఆ కాగితం మీద పెన్సిలుతో రాసుకునేది. కొంత చదివినవాళ్ళని అడిగి, కొంత ముందూ వెనకా చూసి ఊహించి. నేను కాలేజీకి వచ్చాక అందులో ఒక నవల పుస్తకంగా దొరికితే పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మ ఊహ పూర్తిగా తప్పు. రచయిత్రి ఆ వారం నాయికకి జ్వరం తెప్పించింది. అమ్మ ఆ పిల్లని పుట్టింటికి పంపి, అక్కడ వాళ్ళ వదినతో నాలుగు మాటలు అనిపించింది. నన్నడిగితే అమ్మ వారమే బాగుంది.

సీరియల్ కాగితాలకి వెనకవైపు వేరే సరుకుండేది. ఎవరిదో కథ తోక, తలనొప్పి మందు ప్రకటన, ‘ప్రమదావనం’లో సగం ప్రశ్న. మాలతీ చందూర్ గారు 1952 నుంచి దశాబ్దాలపాటు నడిపిన శీర్షిక అది. వంట దగ్గర్నుంచి సంసారం దాకా ఆడవాళ్ళు ఏదైనా అడిగేవాళ్ళు. ప్రశ్న ఈ కాగితం మీద ఉండి, జవాబున్న కాగితం పొయ్యిలోకి పోతే అమ్మ ఊరుకునేది కాదు. అంట్లు తోముతూ ఆ ప్రశ్నకి జవాబు తనే చెప్పేది, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు. ఒక్కోసారి మాలతీ చందూర్ గారి జవాబు దొరికినా ‘అదెట్లా కుదురుతుందీ’ అని కొట్టిపారేసేది.

అది రచయిత్రుల నవలలు జోరుగా నడిచిన కాలం. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, వాసిరెడ్డి సీతాదేవి, రంగనాయకమ్మ. ఒకరితో ఒకరికి పోలికే లేని ఇంతమందిని ఒక్క గాటన కట్టి ‘వంటింటి సాహిత్యం’ అని వెక్కిరించిన విమర్శకులుండేవాళ్ళు. మా అమ్మ ఫిర్యాదు దీనికి సరిగ్గా తిరగేసి ఉండేది. మేడల్లో, కార్లలో నడిచే ఒక నవల చదివి పుస్తకం బోర్లించి అడిగింది: ‘పేజీకోసారి కాఫీలు తాగుతారే, ఆ గ్లాసులెవరు కడుగుతారు?’ ఆవిడకి ఆ నవల నచ్చలేదనుకునేవు. బాగా నచ్చింది. చాలా ఏళ్ళు మళ్ళీ మళ్ళీ చదివింది. నచ్చిన పుస్తకంతోనే తగువు పెట్టుకునేది. నచ్చనివాటిని పచారీ కొట్టు పొట్లాలకి ఇచ్చేసేది.

నేను యాభై ఏళ్ళుగా రాస్తున్నాను. కథ పూర్తయ్యాక ఇప్పటికీ ఆ ప్రశ్నతో ఒకసారి వెతుక్కుంటాను. ఏ సాహిత్య సిద్ధాంతమూ నాకింతగా అక్కరకి రాలేదు.

మధ్యాహ్నాలు అమ్మ చదువుతుంటే పక్కింటావిడ వచ్చి గడప మీద కూర్చునేది. చదువు రాదు. వత్తులు చేసుకుంటూ వినేది. ఆవిడ కూతుర్ని అల్లుడు వదిలేశాడు, పిల్ల పుట్టింట్లోనే ఉంది. ఒక సీరియల్లో సరిగ్గా అలాంటి ఘట్టమే వచ్చింది. పెళ్ళాన్ని వదిలేసిన మొగుడు ఆవిడ గురించి నలుగురిలో నానా మాటలూ అంటాడు. నేను అమ్మ భుజం మీదుగా కాగితంలోకి చూస్తున్నాను. అమ్మ గొంతులో తేడా లేదు, చదివే వేగంలో తేడా లేదు, కానీ కాగితం మీద ఉన్నది ఒకటి, అమ్మ చదువుతున్నది ఒకటి. అక్కడ లేని మాటలు వరసగా వస్తున్నాయి. వాడు సిగ్గుపడుతున్నాడు, ఊళ్ళోవాళ్ళు వాడికి గడ్డి పెడుతున్నారు. పక్కింటావిడ వత్తులు ఆపి విన్నది. వెళ్ళేటప్పుడు ‘బాగా రాసిందమ్మా’ అన్నది. అమ్మ అవునని తలూపి ఆ కాగితాలు ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

అమ్మ చేసింది రచన పట్ల ద్రోహమంటావా? అనచ్చు. రచయిత్రికి తెలిస్తే బాధపడేదేమో. నాకైతే, చదివేవాళ్ళకి పుస్తకంతో ఉండే చుట్టరికం ఎలాంటిదో ఆ మధ్యాహ్నమే మొదట తెలిసింది. నాకు పదేళ్ళుంటాయి. ఇలాంటిది మీ ఇంట్లో ఒకటి జరిగే ఉంటుంది. దాని కోసం వెతుకు. అది లేకుండా నువ్వు పుస్తకప్రియుడు, అక్షరతపస్వి అని ఎన్ని బిరుదులిచ్చినా మీ నాన్నగారు లేచి నడవరు.

మా నాన్నది వేరే దారి. నవలలు ముట్టరు. కానీ 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి ఇన్ని పైసలని లైబ్రరీకి పోతుందని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి ఆయన రోజూ శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు నోటీసుల దాకా చదివి వచ్చేవారు. కట్టిన పన్ను రాబట్టుకోవాలిగా! ఆయన్నీ నేను పాఠకుల్లోనే లెక్కేస్తాను.

ఇప్పుడు మీ ఇంటికొద్దాం. మీ అలమరాలో రష్యన్ పుస్తకాలున్నాయని ఒక్క ముక్క రాసి వదిలేశావు. నీ వ్యాసంలో అసలు గని అక్కడుంది. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో పుస్తకాలు అచ్చువేసి పంపించేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు అక్కడికి వెళ్ళి కూర్చుని అనువాదాలు చేశారు. గట్టి అట్ట, మంచి కాగితం, మన పుస్తకాల కంటే చవక. 1991లో ఆ సోవియట్ దేశమే లేకుండా పోయింది, పుస్తకాలూ ఆగిపోయాయి. ఇదంతా నీకు తెలుసు, నీ పాఠకులకీ చాలామందికి తెలుసు. తెలియంది మీ నాన్నగారి భాగం. ఆయన ఎక్కడ కొన్నారు? విశాలాంధ్ర వాళ్ళ దుకాణంలోనా, ఊళ్ళోకి వచ్చిన పుస్తకాల వ్యాన్ దగ్గరా, యూనియన్ మీటింగు బయట పరిచిన గుడ్డ మీదా? బొగ్గు తవ్వే మనిషి రష్యా గనికార్మికుడి కథ చదివి ‘ఇది నిజం కాదు, బాయిలో ఇట్లుండదు’ అని ఎప్పుడైనా అన్నారా? పేజీల మీద నల్లటి వేలిముద్రలున్నాయా, లేక చేతులు కడుక్కున్నాకే ముట్టేవారా? సగంలో వదిలేసిన పుస్తకం ఏది? ఇష్టమైన పుస్తకాల గురించి అందరూ చెబుతారు. వదిలేసినదాని గురించి అడిగితే మనిషి కాస్త తడబడి, నిజం చెబుతాడు.

ఇంకోటి. ప్రగతివాళ్ళు పుస్తకం చివర పాఠకుల అభిప్రాయాలు కోరుతూ మాస్కో అడ్రసు ఇచ్చేవాళ్ళు, జూబోవ్‌స్కీ బులెవార్ అని. ఆయన ఎప్పుడైనా ఉత్తరం రాశారేమో కనుక్కో. రాయకపోతే, రాద్దామనుకుని మానేశారేమో అదీ అడుగు.

1991 తర్వాత ఆయన ఏం చదివారో నీ వ్యాసంలో లేదు. నమ్ముకున్న దేశం కూలాక ఆ పుస్తకాల్ని మళ్ళీ తీశారా? అలమరా అలాగే ఉందన్నావు గనక పారెయ్యలేదు. కానీ ఉంచుకోవడం వేరు, తీసి చదవడం వేరు. ఇది అడగడానికి నీకు మొహమాటంగా ఉంటుంది. అయినా అడుగు. ఆయన మాట్లాడకపోతే మాట్లాడలేదనే రాయి, నీ సమాధానం మాత్రం ఆయన నోట పెట్టకు.

తేదీలు, పత్రికల పేర్లు జ్ఞాపకాన్ని నమ్ముకుని వెయ్యద్దు. నువ్వుండేది హైదరాబాదే కదా. సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం 1901 నుంచి ఉంది, ఒక ఆదివారం అక్కడ కూర్చో. పాత పత్రికల కోసమైతే వేటపాలెం సారస్వత నికేతనం ఇంకా మంచిది. దూరమే, కానీ అక్కడ ఒక పూట గడిపితే నీకు వేరే వ్యాసాలు కూడా పుడతాయి. నాకు పుట్టాయి.

ఆఖరున ఒక సంగతి. నాలుగో పుటలో ‘అమ్మకి చదువు రాదు, ఆమెకి పుస్తకాలతో సంబంధం లేదు’ అని ఒక్క వాక్యం రాసి దాటిపోయావు. నాకు అక్కడ అనుమానంగా ఉంది. ఇన్నేళ్ళు ఆ రెండు గదుల క్వార్టర్లో ఆయన చదువుతుంటే ఆవిడ ఎక్కడుంది? ఆయన ఎప్పుడైనా పైకి చదివేవారా? ఆ పుస్తకాలకి ఇన్నేళ్ళూ చెదలు పట్టకుండా చూసిందెవరు? వానాకాలం ఎండబెట్టిందెవరు? ముందు అమ్మగారితో మాట్లాడు, తర్వాతే నాన్నగారితో. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడగకు, ఆవిడ మాట్లాడదు.

మళ్ళీ రాసింది పంపు. ఫోనులో ఫొటోలు తీసి పంపితే నా కళ్ళకి ఆనడం లేదు. కాగితం మీద, రెండేసి వరసల ఎడంతో, పోస్టులో పంపించు. సంక్రాంతి దాకా ఊళ్ళోనే ఉంటాను.

ఇట్లు
మీ అమ్మమ్మ వయసున్న ఒక రచయిత్రి