ఆడిట్‌కు వచ్చినవాళ్లు అడిగినవన్నీ ఇవ్వాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. ఆరోగ్య బీమా కంపెనీలు ఆసుపత్రుల్లో చేసే ఆడిట్ గురించి ఒక డాక్టరు, ఒక పేషెంటు కూతురు, రికార్డు గదిలో పనిచేసే ఒక ఉద్యోగి అడిగారు. వకీలు కాకముందు నేను హనుమకొండలోనే ఒక ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ చూసేదాన్ని. క్వెరీలకు జవాబులు రాయడం, కోతలు ఎందుకు పడ్డాయో వెతకడం అప్పటి నా పని. మొదటి ఉత్తరానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే అదే పరిస్థితిలో ఉన్న చిన్న ఆసుపత్రులు వరంగల్ జేపీఎన్ రోడ్డు నుంచి కరీంనగర్ దాకా చాలా ఉన్నాయి.

ప్రశ్న: నమస్తే మేడం. మాది ముప్పై పడకల నర్సింగ్ హోమ్. నేను ఫిజీషియన్ని, నా భార్య గైనకాలజిస్టు. ఒక బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో నాలుగేళ్లుగా ఉన్నాం. ఈ మధ్య వాళ్ల తరఫున ఇద్దరు వచ్చి, రెండేళ్ల జ్వరం కేసుల్లో ఎక్కువ రోజులు ఉన్నవి 30 ఏరుకుని చూశారు. తొమ్మిదింటికి అభ్యంతరం చెప్పారు. నా భార్య ఆపరేషన్ థియేటర్ (ఓటీ) రిజిస్టర్ మొత్తం ఫోటోలు కూడా తీసుకున్నారు. తర్వాత మెయిల్ వచ్చింది: '30లో 9 అంటే 30 శాతం తప్పు. రెండేళ్లలో మీకు చెల్లించింది 40 లక్షలు. 30 శాతం లెక్కన 12 లక్షలు వెనక్కి కట్టండి.' కట్టేదాకా ఇప్పటి బిల్లులు కూడా ఆపారు. స్టాఫ్ జీతాలకు టెన్షన్‌గా ఉంది. ఒప్పందంలో 'కంపెనీ ఎప్పుడైనా రికార్డులు తనిఖీ చేయవచ్చు' అని ఉంది, సంతకం మాదే. ఇక దారి లేదా? ఒప్పందం కాపీ, వాళ్ల షీటు జత చేస్తున్నాను.
– ఒక డాక్టర్, హనుమకొండ

జవాబు: డాక్టర్ గారూ, దారి ఉంది. మీ ఒప్పందం మొత్తం చదివాను. అందులో తనిఖీ చేసే హక్కు ఉంది. కొన్ని ఫైళ్లు చూసి, చూడని ఫైళ్లకు కూడా అదే శాతం అంటగట్టే హక్కు ఎక్కడా లేదు. పాత లెక్క తేలేదాకా కొత్త బిల్లులు ఆపే హక్కూ లేదు. ఈ మూడూ వేర్వేరు హక్కులు. కంపెనీ మెయిల్‌లో మూడింటినీ ఒకటే అన్నట్టు కలిపేశారు.

ముందు వాళ్ల లెక్కనే చూద్దాం. తొమ్మిది ఫైళ్లకు అభ్యంతరం అన్నారు గానీ, ఏ ఫైల్లోనూ బిల్లు మొత్తం కోయలేదు. ఒకచోట ఒక రోజు రూమ్ అద్దె, ఇంకోచోట నెబ్యులైజేషన్ చార్జీ, మరోచోట ప్లేట్‌లెట్ పరీక్షలు. అవన్నీ కలిపితే 63 వేలు. ఆ 30 ఫైళ్లకు కంపెనీ మీకు చెల్లించింది 9 లక్షలు. అంటే తప్పు అని వాళ్లు చెబుతున్న సొమ్ము 7 శాతం. దాన్ని 30 శాతం చేశారు. పైగా 40 లక్షల్లో మీ భార్య చేసిన కాన్పులు, ఆపరేషన్ల బిల్లులూ ఉన్నాయి. జ్వరాల వాటా 15 లక్షలే. జ్వరం ఫైళ్లు చూసి సిజేరియన్ బిల్లుల్లో కోత పెట్టడానికి ఏ ఆధారమూ లేదు. వాళ్ల పద్ధతినే ఒప్పుకున్నా 15 లక్షల మీద 7 శాతం, అంటే లక్షా ఐదు వేలు. 12 లక్షలు ఎక్కడ, లక్షా ఐదు వేలు ఎక్కడ! ఆ లక్ష కూడా నిలవదు, ఎందుకంటే ఎక్కువ రోజులున్న ఫైళ్లనే ఏరుకున్నారు. ఏరి తీసిన వాటిలో తేలిన శాతం అన్నిటికీ వర్తించదు. అన్ని ఫైళ్లలోంచి చీటీలు తీసినట్టు ఎంపిక చేసి ఉంటే అప్పుడు మాట్లాడొచ్చు.

ఇలా శాంపిల్‌ను బట్టి మొత్తం మీద వసూలు చేయడం అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో ఉంది. అక్కడ కూడా 2003 చట్టంలో హద్దు పెట్టారు: తప్పులు ఎక్కువ స్థాయిలో గానీ ఎడతెగకుండా గానీ ఉన్నప్పుడో, సరిచేసుకోమని నేర్పినా ఫలితం లేనప్పుడో మాత్రమే ఆ పద్ధతి వాడాలి. మన దగ్గర మీ కేసును తేల్చేది ఒప్పందం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఆ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఇంత జరిమానా అని అంకె రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. మీ ఒప్పందంలో ఆ అంకె కూడా లేదు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆడిట్ అనేదే అన్యాయం అనే వాదన నేను ఒప్పుకోను. ఆ సొమ్ము నర్సంపేట టీచరు, ఎనుమాముల మార్కెట్ దగ్గరి వ్యాపారి ఏటా కట్టే ప్రీమియం. అడ్మిట్ కాని పేషెంటుకు బిల్లు వేసే ఆసుపత్రులు ఉన్నాయి, అది దొంగతనమే. 2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. అంత తొందరలో అన్నీ చూడలేరు కాబట్టి తర్వాత చూసే అవకాశం కంపెనీకి ఉండాలి. అందుకని ఆ తొమ్మిది ఫైళ్లు మీరే కూర్చుని మళ్లీ చూడండి. షీటు ప్రకారం ఒక ఫైల్లో రోజుకు మూడు ప్లేట్‌లెట్ పరీక్షలకు బిల్లు ఉంది, రిపోర్టు ఒక్కటే ఉంది. మిగతా రిపోర్టులు ల్యాబ్‌లో దొరక్కపోతే ఆ సొమ్ము ఒప్పుకుని కట్టేయండి. తప్పున్న చోట ఒప్పుకున్న ఆసుపత్రి మాట మిగతా చోట్ల చెల్లుతుంది.

ఇక 'ఓపీలో చూడదగ్గ జ్వరానికి అడ్మిషన్ ఎందుకు' అనే అభ్యంతరం. తొమ్మిదిలో నాలుగు ఇవే, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. వానలు పడ్డాక ఏటూరునాగారం వైపు నుంచి రాత్రిపూట కారులో పడుకోబెట్టి తెచ్చిన మనిషిని చూసిన డాక్టరు మీరు. ఎక్కడో ఆఫీసులో కూర్చుని కాగితం చూసేవాళ్లకు ఆ మనిషి కనబడడు, కేస్ షీట్ ఒక్కటే కనబడుతుంది. మీ అడ్మిషన్ నోట్‌లో 'ఫీవర్, త్రీ డేస్, అడ్మిట్' అని మూడు మాటలే ఉన్నాయి. వాంతులు ఆగడం లేదని, నోటి ద్వారా ఏదీ నిలవడం లేదని, బీపీ ఎంత ఉందో, ప్లేట్‌లెట్లు నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పడ్డాయో రాస్తే ఆ ఫైలును ఎవరూ ముట్టుకోలేరు. పాత ఫైళ్లలో ఈ సంగతులు నర్సుల చార్టులో, జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ షీటులో, ఐవీ ఫ్లూయిడ్ల లెక్కలో దొరుకుతాయి. అక్కడి నుంచి ఎత్తి ఒక్కో ఫైలుకు ఒక్కో పేజీ జవాబు రాయండి. ప్రీ-ఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి) ఇచ్చినప్పుడు వాళ్ల డాక్టరు ఇవే వివరాలు చూసి అనుమతించారనీ, అప్పుడు దాచిందేమీ లేదనీ అందులో చేర్చండి.

కంపెనీకి పంపే మెయిల్‌లో ఇవి అడగండి: వసూలుకు ఆధారం ఒప్పందంలో ఏ క్లాజు, 30 ఫైళ్లను ఏ పద్ధతిలో ఎంచారు, అభ్యంతరాలు రాసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. వివాదం లేని ఇప్పటి బిల్లులు వెంటనే విడుదల చేయమనండి. ఫోన్లో మాట్లాడి సర్దుకుందాం అంటారు. మాట్లాడండి, మాట్లాడింది అదే రోజు మెయిల్‌లో పెట్టండి.

అప్పటికీ దారికి రాకపోతే, మీ ఒప్పందంలో మధ్యవర్తిత్వం క్లాజు ఉంది. అందులో మధ్యవర్తిని కంపెనీయే నియమిస్తుందని రాశారు. అలా ఒక పక్షమే ఏకైక మధ్యవర్తిని పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఏకపక్ష నియామకాలను తప్పుపట్టింది. కాబట్టి ఆ వాక్యం చూసి భయపడకండి. బిల్లులు ఆపడం మీద ఈలోగా ఉపశమనం కావాలంటే 1996 ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లొచ్చు. బీమా ఫిర్యాదులు తేల్చే ఆంబుడ్స్‌మన్ పాలసీదారుల కోసం, ఆసుపత్రి హోదాలో మీకు అది పనికిరాదు. ఎంతో కొంత సొమ్ము వెనక్కి ఇవ్వాల్సి వస్తే, ఆ బిల్లుల మీద అప్పట్లో కోసిన టీడీఎస్ సంగతి మీ పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌తో మాట్లాడాకే ఇవ్వండి.

పేషెంట్ల గోప్యత గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఆడిట్‌కు వచ్చినవాళ్లు మీ భార్య ఓటీ రిజిస్టర్ మొత్తాన్ని ఫోటోలు తీసుకున్నారని రాశారు. ఆ కంపెనీ పాలసీ లేని మహిళల పేర్లు కూడా అందులో ఉన్నాయి. అది ఇవ్వకూడదు. క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టిన పేషెంటు తన రికార్డు చూడటానికి కంపెనీకి అనుమతి ఇచ్చింది, పక్క బెడ్ ఆమె ఇవ్వలేదు. హెచ్‌ఐవీ వివరాలకు 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, మానసిక చికిత్సకు అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, గర్భస్రావాలకు ఎంటీపీ చట్టం ప్రత్యేకంగా రక్షణ ఇచ్చాయి. ఆ ఫోటోలు తొలగించి, తొలగించినట్టు రాసి ఇవ్వమని ఇవాళే మెయిల్ పెట్టండి. ఇకముందు ఎవరొచ్చినా సంబంధించిన వరుస ఒక్కటే కనబడేలా మిగతావి కప్పి, మీ మనిషి పక్కన ఉండగా చూపించండి.

ఒప్పందం రెన్యువల్ అప్పుడు 'ఎప్పుడైనా తనిఖీ చేయవచ్చు' అనే ఆ ఒక్క వాక్యాన్ని మార్పించండి. ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎంత వెనక్కి వెళ్లొచ్చు, ఎవరి ఫైళ్లు, అభ్యంతరాలకు జవాబివ్వడానికి ఎన్ని రోజులు, వసూలు చూసిన ఫైళ్లకే పరిమితం అనే మాట, అన్నీ రాయించండి. ఎంత వెనక్కి అనే దానికి మూడేళ్లు న్యాయమైన హద్దు అని నా అభిప్రాయం. 2002 నాటి వైద్య మండలి నిబంధనలు ఇన్‌పేషెంట్ రికార్డు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచమంటున్నాయి. చిన్న ఆసుపత్రి అడిగితే మార్చరు అనుకోకండి. ముందు అడగాలి, అదీ రాతలో.

ప్రశ్న: అక్కా, మా బాపుకు నిరుడు వరంగల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో స్టెంట్ వేసిండ్రు. క్యాష్‌లెస్ అయింది. ఇప్పుడు కంపెనీ మనిషినని ఒకతను పరకాలకు వచ్చి, బాపు ఎన్నేండ్ల సంది బీపీ గోలీలు వేసుకుంటున్నడని అడిగి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమన్నడు. మేం పెట్టలేదు. దవాఖానోళ్లు ఫైలంతా అతనికి ఇచ్చిండ్రట. పైసలు మళ్ల మమ్మల్ని కట్టమంటరా? పాలసీ ఆగకుండా ఆరేండ్ల నుంచి ఉంది.
– ఒక కూతురు, పరకాల

జవాబు: చెల్లీ, సంతకం పెట్టకపోవడం చాలా మంచి పని. ఫైలు ఇవ్వడం వరకు ఆసుపత్రి తప్పు లేదు, క్లెయిమ్ ఫారంలో ఆ అనుమతి ఉంటుంది. కాగితాలు ఆసుపత్రి నుంచే కంపెనీయే తెచ్చుకోవాలని పైన చెప్పిన ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ కూడా చెప్పింది. అతను మళ్లీ వస్తే ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన లెటర్ చూపించమనండి. ప్రశ్నలు రాసి ఇమ్మనండి, జవాబు మీరే రాసి కాపీ ఉంచుకోండి.

బీపీ గురించి భయపడకండి. పాలసీ 60 నెలలు ఆగకుండా నడిస్తే, ముందు చెప్పలేదనే కారణంతో క్లెయిమును తిరగదోడటానికి వీల్లేదు, మోసం అని నిరూపిస్తే తప్ప. మీది ఆరేళ్లు. మధ్యలో సమ్ ఇన్సూర్డ్ (బీమా మొత్తం) పెంచి ఉంటే, పెంచిన మేరకు ఆ 60 నెలలు పెంచిన రోజు నుంచి మొదలవుతాయి, అది ఒకసారి చూసుకోండి. బాపు కేస్ షీట్ కాపీ మీరూ తెచ్చుకోండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. కంపెనీ డబ్బు కట్టమని రాస్తే దాని గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా ఆంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. ఏడాది దాటనివ్వకండి. ఐఆర్‌డీఏఐ ఫోను 155255.

ప్రశ్న: మేడం, నేను మెడికల్ రికార్డ్స్‌లో పనిచేస్తాను. వచ్చే వారం ఆడిట్ ఉంది. కొన్ని పాత ఫైళ్లలో నర్సుల నోట్స్ లేవు. సార్ ఇప్పుడు రాసి పెట్టమంటున్నారు, పాత తేదీలతో. ఏం చేయను?
– జగిత్యాల నుంచి

జవాబు: రాయకండి. పాత తేదీతో లేని నోట్స్ పుట్టించడం ఫోర్జరీ కిందికి వస్తుంది, కేసు అయితే రాసిన చేతి మీదే మొదట పడుతుంది. ఖాళీగా ఉన్న పేజీకి కోత పడుతుంది, ఆ కోతతో పోతుంది. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు ఇప్పటికీ అక్కడే ఉండి, జరిగింది కచ్చితంగా గుర్తుంటే, 'ఆలస్యంగా రాసిన నోట్' అని పైన పెట్టి, ఇవాళ్టి తేదీ, టైము వేసి, తన పేరుతో సంతకం చేయొచ్చు. అది ఆమె రాయాలి, మీరు కాదు. లేని కాగితాల జాబితా ఒకటి చేసి ఆడిట్‌కు ముందే సార్‌కు ఇవ్వండి. ఇంకా ఒత్తిడి చేస్తే, 'ఆ డ్యూటీలో నేను లేను సార్, నేను రాయలేను' అని వాట్సాప్‌లోనైనా రాతలో పెట్టండి.