టెక్ సందేహాలు: కమాను ముందు, బొమ్మ వెనక

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయొలిన్, కీబోర్డు, తబలా, డప్పు కలిపి నలుగురం ఇరవై నిమిషాల కొత్త వాద్య సంగీతం కట్టుకున్నాం. పాట లేదు కనుక తెలుగా ఒడియానా అన్న పేచీ లేదు. వయొలిన్ వాయించే చేతుల్ని ఫోన్ కెమెరాతో తీసి వెనక తెర మీద లైవ్‌లో చూపించాలని, మధ్యమధ్య మహేంద్రతనయ ఏటి వీడియో కలపాలని మా ప్లాను. రిహార్సల్‌లో చూస్తే తెర మీద వయొలిన్ కమాను, వినిపించే శబ్దం కంటే వెనకబడి కదులుతోంది. ఫోన్ నుంచి వైఫైలో ల్యాప్‌టాప్‌కి, అక్కడి నుంచి ప్రొజెక్టర్‌కి పంపుతున్నాం. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?

జవాబు: కొనకండి. ముందు ఆ ఆలస్యం ఎంతో కొలవండి. కెమెరా ముందు ఒకరు చప్పట్లు కొట్టాలి. ఆ చేతులూ, వెనక తెరా రెండూ పడేలా ఇంకో ఫోన్‌తో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీయండి. అసలు చేతులు కలిసిన ఫ్రేము నుంచి తెర మీద చేతులు కలిసిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. ముప్పై ఫ్రేములు వచ్చాయంటే 125 మిల్లీసెకన్లు. ఖర్చు లేని పరీక్ష, పది నిమిషాల పని.

ఎంత ఉంటే ఫరవాలేదు? యూరప్ ప్రసార సంస్థల సంఘం టీవీ కోసం పెట్టుకున్న హద్దు ఒకటుంది. శబ్దం బొమ్మ కంటే 40 మిల్లీసెకన్లకు మించి ముందు రాకూడదు, 60కి మించి వెనకబడకూడదు. ఆ తేడా ఎందుకో మనకు తెలిసిందే. మెరుపు చూశాకే ఉరుము వింటాం కదా, శబ్దం కాస్త ఆలస్యమైతే చెవి సర్దుకుంటుంది. ముందొస్తే మాత్రం ఒప్పుకోదు. మీకు వచ్చినది ఆ ఒప్పుకోని రకం.

ఇక్కడో తమాషా ఉంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. స్పీకర్లకు ఇరవై మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి అది అరవై మిల్లీసెకన్ల తర్వాత చేరుతుంది. అంటే మీ బొమ్మ అరవై వెనకబడితే, వెనక కుర్చీల వాళ్లకు రెండూ కలిసిపోతాయి. అందుకే రిహార్సల్‌లో హాలు వెనక సౌండ్ మిక్సర్ దగ్గర నిలబడి ‘బాగానే ఉంది’ అనేవాళ్ల మాట నమ్మొద్దు. ముందు వరుసలో కూర్చుని చూడండి.

ఇక తగ్గించడం. మీ దారిలో మొదటి దొంగ వైఫై. హాలు నిండా జనం, జేబునిండా ఫోన్లు ఉన్నప్పుడు అది రిహార్సల్‌లో ఉన్నంత మంచిగా కూడా ఉండదు. ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కి కలపండి. ఆ తీగ ఐదు మీటర్లు దాటితే మొరాయిస్తుంది కనుక ల్యాప్‌టాప్‌ని స్టేజి పక్కనే పెట్టి, పొడుగు తీగ ప్రొజెక్టర్ వైపు లాగండి. మామూలు హెచ్‌డీఎంఐ తీగ పదిహేను మీటర్ల దాకా సాధారణంగా పనిచేస్తుంది, ఆ పైన నమ్మలేం. తర్వాత ప్రొజెక్టర్ మెనూలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఉంటే పెట్టండి. బొమ్మ వంకర సరిచేసే కీస్టోన్‌ని ఆపేసి, ప్రొజెక్టర్‌నే తిన్నగా పెట్టండి. ఆ సరిచేయడానికి చాలా ప్రొజెక్టర్లు అదనపు సమయం తీసుకుంటాయి. కెమెరాని సెకనుకు 60 ఫ్రేములకు మార్చండి. ఒక ఫ్రేము ఆగితే 33 మిల్లీసెకన్లు పోయేచోట 17తో సరిపోతుంది. కెమెరా షట్టర్ మాత్రం 1/100 సెకను దగ్గర ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ ఆ లెక్కకు కుదరకపోతే తెర మీద నల్లటి చారలు పాకుతాయి.

శబ్దాన్నే ఆలస్యం చేస్తే పోదా అని మీ సౌండ్ అతను అనవచ్చు. యూట్యూబ్ లైవ్‌కైతే సరే, లైవ్ ప్రసారాలకు వాడే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో సింక్ ఆఫ్‌సెట్ అని మిల్లీసెకన్లలో ఇచ్చే గడి దానికే ఉంది. హాల్లో చేస్తే వయొలిన్ అసలు నాదం ఒకసారి, స్పీకర్ నాదం ఇంకోసారి వినబడి, డప్పు వాయించే అబ్బాయి తాళం తప్పుతాడు.

అన్నీ చేసినా కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని దాచడం కంటే వాడుకోవడమే నాకు నచ్చుతుంది. వేగంగా సాగే చోట చేతులు చూపించకండి, అక్కడ ఏరు పారనివ్వండి. కమాను నెమ్మదిగా లాగే చోట చేతులు తీసుకురండి. లేదా పూర్తిగా రెండు సెకన్లు ఆలస్యం చేసి, గడిచిన స్వరాన్ని తెర గుర్తుచేసుకుంటున్నట్టు చూపించండి. చిన్న ఆలస్యం తప్పులా కనిపిస్తుంది, పెద్దది ఉద్దేశంలా కనిపిస్తుంది. 1971లో వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ మూడు టీవీలు పేర్చి సెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) చేశాడు. సెల్లో కళాకారిణి చార్లెట్ మూర్మన్ దాన్ని వాయిస్తుంటే ఆ తెరల మీద ఆమే లైవ్‌లో కనిపించేది. అనలాగ్ కెమెరా బొమ్మను ఎక్కడా దాచుకోకుండా తీగలో నేరుగా టీవీకి పంపేది కనుక వాళ్లకు ఈ బాధ దాదాపు లేదు. డిజిటల్‌తో పాటు మనం తెచ్చుకున్న జబ్బు ఇది.

ఒక్క మాట. ల్యాప్‌టాప్‌లో విండోస్, పి మీటలు కలిపి నొక్కి, తెరకి మీ స్క్రీను కాకుండా వేరే బొమ్మ వెళ్లేలా ‘ఎక్స్‌టెండ్’ పెట్టండి, నోటిఫికేషన్లు ఆపేయండి. ఓసారి మా బరంపురంలో నేనే తెర నడిపిస్తుంటే, ఆలాపన మధ్యలో ‘వచ్చేటప్పుడు పెరుగు తే’ అని ఇంటినుంచి వచ్చిన మెసేజ్ పన్నెండు అడుగుల వెడల్పున పడింది. చప్పట్లు దానికే ఎక్కువ.

ప్రశ్న: బరంపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా ఫ్యూజన్ బ్యాండ్‌లో వీణ, వయొలిన్, ప్యాడ్ ఉన్నాయి. ఏ వాద్యం మోగితే దాని రంగు తెర మీద మారాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: ఉంది. మిల్లర్ పకెట్ తయారుచేసిన ప్యూర్ డేటా ఉచితం, దానికి జెమ్ అనే బొమ్మల లైబ్రరీ కలుపుకోవాలి. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. టచ్‌డిజైనర్ వ్యాపారేతర వెర్షన్ కూడా ఉచితమే, కాకపోతే బొమ్మ 1280 × 1280 దాటదు. కాలేజీ ఫెస్ట్‌కి చాలు, టికెట్ పెట్టే షోకి వాడకూడదు.

ఒకే మైకు పెట్టి ఏది వీణ, ఏది వయొలిన్ అని కంప్యూటర్‌ని విడదీయమంటే తడబడుతుంది. మిక్సర్ నుంచి ఒక్కో వాద్యానికి ఒక్కో ఛానల్ తీసుకోండి, అందుకు నాలుగు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. ప్యాడ్‌కి, వీణ మీటుకి శబ్దం ఒక్కసారి పైకి లేస్తుంది కనుక సులువుగా పట్టేస్తుంది. వయొలిన్ నాదం మెల్లగా ఉబ్బుతుంది, మొదలు ఎక్కడో తేలదు. దానికి రంగు తటాలున మార్చకుండా, శబ్దం పెరిగేకొద్దీ వెలుగు పెరిగేలా పెట్టండి.

నన్నడిగితే వయొలిన్ వరకు ఆ పని మనిషికే ఇవ్వండి. స్వరం తెలిసిన స్నేహితుడు ఓబీఎస్‌లో హాట్‌కీలు (ఒక్క మీటతో తెర మార్చే ఏర్పాటు) పెట్టుకుని, పక్కన కూర్చుని తాళం వేసినట్టు మీటలు నొక్కితే ఏ ప్రోగ్రామూ అంత బాగా చేయదు.

ప్రశ్న: రాయగడ నుంచి. ఏటి శబ్దాలు ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి పంపితే స్పీకర్లలో ‘మ్‌మ్’ అని ఒకటే మోత.

జవాబు: ఛార్జర్ తీసి చూడండి. మోత ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ తీగల మధ్య కరెంటు తిరగడం. షో అంతా బ్యాటరీ మీద నడపండి, లేదా మధ్యలో డీఐ బాక్స్ పెట్టి ల్యాప్‌టాప్, మిక్సర్ తీగల్ని విడదీయండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొడితే పోతుందని ఎవరైనా చెబితే వినకండి. పోయేది మోత ఒక్కటే కాదు. ఎర్త్ లేకపోతే షాక్ కొట్టవచ్చు, బృందంలో గిటార్ ఉంటే ఆ అబ్బాయి చేతికింద ఉండేవి ఇనుప తీగలు.