పాత మహాభారతం డీవీడీ సెట్ ఒరిజినలా, డూప్లికేటా?

నాన్నగారి కోసం బి.ఆర్. చోప్రా మహాభారతం సీరియల్ మొత్తం సెట్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని, సీలు కూడా తీయలేదంటున్నారని, నమ్మొచ్చా అని అడిగారు. మిర్యాలగూడ సాగర్ రోడ్డులో నాకు సీడీల షాపు ఉండేది. హైదరాబాద్ నుంచి డూప్లికేట్ సరుకు పట్టుకొచ్చే ఏజెంట్లను బాగానే చూశాను.

సీలు సంగతి పక్కన పెట్టండి. ప్లాస్టిక్ కవర్ తొడిగి వేడిగాలి కొడితే ఎవరైనా బిగించేస్తారు.

ముందు ఎన్ని డిస్కులో అడగండి. ఆ సీరియల్ 94 ఎపిసోడ్లు. ఒక్కోటి దాదాపు ముప్పావు గంట వేసుకున్నా 70 గంటలు. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 జీబీ. అందులో నాలుగైదు గంటలకు మించి నింపితే బొమ్మ చెడిపోతుంది. ఆ లెక్కన పద్నాలుగు, పదిహేను డిస్కులైనా కావాలి. నాలుగు డిస్కుల్లోనే మొత్తం ఉందన్నారంటే కుక్కి పెట్టారన్నమాట. ఇప్పటి పెద్ద టీవీల్లో వేస్తే కురుక్షేత్రంలో దుమ్ము లేచిన ప్రతిసారీ గళ్లు గళ్లుగా కనిపిస్తుంది.

తర్వాత డిస్క్ వెనకవైపు ఫోటో పంపమనండి. ఫ్యాక్టరీలో అచ్చు వేసినదైతే వెండిలా మెరుస్తుంది, రెండు పొరలదైతే కొంచెం బంగారు ఛాయ ఉంటుంది. కంప్యూటర్లో రైట్ చేసినది ఊదారంగు కొడుతుంది. అయితే వెండి రంగులో అచ్చేసిన డూప్లికేట్లూ ఉంటాయి. అందుకే మధ్య రంధ్రం చుట్టూ ఉన్న రింగు చూడాలి. అక్కడ సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఐఎఫ్‌పీఐ (రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం పొట్టి పేరు) అని, పక్కన ఒక కోడ్ ఉంటుంది. ఏ ఫ్యాక్టరీలో తయారైందో పట్టుకోవడానికి 1994లో తెచ్చిన పద్ధతి అది. లేకపోయినా, గీకేసినట్టున్నా నాకైతే అనుమానమే.

మన కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం కవర్ మీద తయారుచేసినవాళ్ల పేరు, అడ్రస్, హక్కుదారుల పేరు, అడ్రస్ ఉండి తీరాలి. మా దగ్గరికి వచ్చే డూప్లికేట్ల మీద లోగో పెద్దగా ఉండేది, అడ్రస్ మాత్రం ఉండేది కాదు. ఇదేంటని ఒక ఏజెంట్‌ను అడిగితే "అదెవరు చదువుతారన్నా?" అన్నాడు. నిజమే, గిరాకీలెవరూ చదివేవాళ్లు కాదు!

ఫోటోలు పంపనంటే ఆ బేరం వదిలేయండి. కొన్నారంటే మాత్రం, వాపసు గడువు దాటకముందే ఆఖరి డిస్కులు వేసి చూడండి. మొదటి డిస్క్ ఎప్పుడూ బాగానే ఆడుతుంది, ఎపిసోడ్లు ఎగిరిపోయేది చివర్లోనే.