లండన్ దగ్గర్లో కారు లేకుండా అడవీ, కాలువా రెండూ చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

మీరడిగింది ఇదీ: లండన్ వచ్చి ఆరు నెలలైంది, కారు లేదు, ఏప్రిల్ ఆఖర్లో అమ్మానాన్నలు వస్తున్నారు, ప్యాలెస్‌లూ మ్యూజియంలూ కాకుండా జనం గోల లేని అడవి, వీలైతే కాలువ గట్టు నడక ఉన్న చోటు కావాలి. అదీ స్వయంగా వెళ్లొచ్చినవాళ్లు చెప్పాలి.

ట్రింగ్ స్టేషన్‌లో దిగండి. లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి రైల్లో ముప్పావుగంట అటూ ఇటూ. స్టేషన్‌కి తూర్పున యాష్‌రిడ్జ్ అడవి, పడమర రెండడుగులేస్తే గ్రాండ్ యూనియన్ కాలువ. నేను హెమెల్ హెంప్‌స్టెడ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, ఈ దారిలో ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లనీ తిప్పాను కాబట్టి పెద్దవాళ్ల మోకాళ్ల సంగతి కూడా తెలుసు.

ముందే ఒక మాట. ట్రింగ్ ఊరు స్టేషన్‌కి రెండు మైళ్ల దూరం. దిగగానే బజారు ఉంటుందనుకుని మొదటిసారి మంచినీళ్ల సీసా కూడా లేకుండా దిగాను. పులిహోర, నీళ్లు ఇంటి దగ్గరే కట్టుకోండి.

పొద్దున్నే అడవి వైపు వెళ్లండి. మైలు నడిస్తే ఆల్డ్‌బరీ అనే పల్లె. మధ్యలో చిన్న చెరువు, ఒడ్డున పాతకాలం బొండకొయ్య. తప్పు చేసినవాళ్ల కాళ్లు బిగించి కూర్చోబెట్టేవారే, అదే. నాన్న దాని ముందు నిలబడి ఫొటో తీయించుకుని మా బాబాయికి పంపారు, ఏ ఉద్దేశంతోనో నేనడగలేదు. ఊరి వెనక నుంచి కొండ మీదికి కాలిబాట. ఇరవై నిమిషాల ఎక్కుడు, మధ్యలో రెండుసార్లు ఆగితే అరవై దాటినవాళ్లూ ఎక్కేస్తారు. అక్కణ్నుంచి అన్నీ బీచ్ చెట్లే. "బీచ్ అంటే సముద్రం కదురా" అన్నారు నాన్న. బెరడు ఏనుగు కాలులా నున్నగా, బూడిద రంగులో ఉంటుంది. ఏప్రిల్ ఆఖర్లో అప్పుడే చిగురు విచ్చుకుంటుంది. ఒక ఆకుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, అంచు చుట్టూ సన్నటి నూగు, పసిపిల్లల చెవి మీద ఉన్నట్టు. పది రోజులు పోతే అదీ రాలిపోతుంది. అమ్మ కొస కొరికి చూసి, చింతచిగురంత కాదుగానీ పులుపుందనీ పప్పులో వేస్తే ఎలా ఉంటుందోననీ అంది. కోయనివ్వలేదు లెండి.

మీరు చెప్పిన తేదీలకి బ్లూబెల్స్ అనే నీలం అడవిపూలు ఉంటాయి. బీచ్ ఆకు పూర్తిగా విచ్చుకుందంటే కింద నేలకి వెలుతురు అందదు. ఆ లోపే ఈ పూలు గబగబా పూసి, ఆకులతో గడ్డకి తిండి కూడబెట్టుకుని సెలవు తీసుకుంటాయి. అందుకే ఏప్రిల్ నడుమ నుంచి మే మొదటివారం దాకానే వాటి హడావిడి. నాన్న దూరం నుంచి చూసి "అక్కడ నీళ్లు నిలిచాయేంట్రా" అన్నారు. దగ్గరికెళ్తే ఒక్కో కాడ ఒక పక్కకే వంగి, పూలన్నీ ఆ పక్కనే వేలాడుతుంటాయి, రేకుల చివర్లు వెనక్కి మెలితిరిగి ఉంటాయి. ఇళ్ల తోటల్లో నిటారుగా, లావుగా కనిపించేది స్పెయిన్ రకం. దీనికున్న వాసన దానికి లేదు.

యాష్‌రిడ్జ్ బ్లూబెల్స్ అని వెతికితే ఎవరైనా ఈ అడవిలోనే డాకీ వుడ్ అనే చోటికే పంపిస్తారు. పూలు అక్కడే బాగా ఒత్తుగా ఉంటాయి, నిజమే. కానీ ఆ సీజన్‌లో వారాంతాల్లో టికెట్, కార్ల వరస, ప్రతి చెట్టు దగ్గరా ఒక ఫొటో షూట్. మీరు అడిగిన నిశ్శబ్దం అక్కడ దొరకదు. కొండ మీదున్న బ్రిడ్జ్‌వాటర్ మాన్యుమెంట్ అనే స్తంభం చుట్టుపక్కల దారుల్లో అక్కడక్కడ కనిపించే పూలే చాలు, అదీ మంగళవారమో బుధవారమో అయితే మరీ మంచిది. మొదటి ఏడాది నేనూ శనివారం డాకీ వుడ్‌కే వెళ్లాను, కొత్త తెల్ల బూట్లు వేసుకుని. ముందురోజు వాన పడింది, బంకమట్టి, మధ్యమధ్య చెకుముకి రాళ్లు. జారాను. అది పోనీ. ఫొటో కోసం దారి దిగి పూలలోకి ఒక్క అడుగు వేశాను. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడ ఆగి, ఆకు నలిగితే ఆ గడ్డకి ఈ ఏడు తిండి ఉండదు, కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది అని చాలా మెత్తగా చెప్పి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఈ పూలకి 1981 నాటి చట్టం రక్షణ కూడా ఉంది, గడ్డలు తవ్వి పట్టుకెళ్తే నేరం.

ఆ మాన్యుమెంట్ చెట్ల మధ్య కనిపించే 108 అడుగుల రాతి స్తంభం. లోపల 172 మెట్లు. రోజూ తెరవరు, చూసుకుని వెళ్లండి. పక్కనే టీ, బాత్‌రూములు ఉన్నాయి, అమ్మతో వెళ్లేవాళ్లకి స్తంభం కన్నా ఇది ముఖ్యం. 1832లో ఫ్రాన్సిస్ ఎగర్టన్ అనే ప్రభువు పేరు మీద కట్టారు. కుదిరిన పెళ్లి తప్పిపోయి ఈయన కాలువల మీద పడ్డాడని చెప్పుకుంటారు. ఉత్తరాన వర్స్‌లీలో తన బొగ్గు గనుల నుంచి మాంచెస్టర్ దాకా తవ్వించిన కాలువ మీద 1761లో పడవలు మొదలయ్యాయి, దాంతో ఊళ్లో బొగ్గు ధర సగానికి పడింది. అది చూసి దేశమంతా కాలువల పిచ్చి పట్టింది. ఆ పిచ్చిలో పుట్టినదే కొండ కింద ఉన్న మన కాలువ, అప్పట్లో దాని పేరు గ్రాండ్ జంక్షన్. పార్లమెంటు అనుమతి 1793లో, పని పూర్తయింది 1805లో. ఆయన తవ్వించింది కాకపోయినా ఆయన స్తంభం నీడలోనే ఉందన్నమాట. ఈ సంగతి తెలిశాక అడవినీ కాలువనీ ఒకే రోజు చూడాలని నాకనిపించింది. అంతకుముందు రెండింటికీ విడివిడిగా వెళ్లేవాణ్ని.

పైకి చూస్తూ నడిస్తే చీలిన తోకతో ఎర్రటి గద్దలు తిరుగుతుంటాయి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఈ జాతి అంతరించిపోతే, 1989 నుంచి కొన్నేళ్లపాటు స్పెయిన్ నుంచి పిల్లల్ని తెచ్చి ఈ చిల్టర్న్ కొండల్లో వదిలారు. "మనలాగే వీసా మీద వచ్చాయన్నమాట" అన్నారు నాన్న.

ఇక కాలువ. స్టేషన్ వైపు దిగొచ్చి, వంతెన దగ్గర గట్టు మీదికి దిగి ఉత్తరానికి నడవాలి. మొదటి మైలున్నర ట్రింగ్ కటింగ్. గుట్టకి అడ్డంగా మనుషులు పారలతో తవ్విన కోత, లోతు ముప్పై అడుగుల దాకా ఉంటుంది. రెండు పక్కలా చెట్లు కాలువ మీదికి వంగి ఉంటాయి, ఇల్లు కనబడదు. నా దృష్టిలో ఈ మొత్తం దారిలో నిశ్శబ్దమైన చోటు అడవి కాదు, ఇదే. అడవిలో కుక్కలూ పిల్లలూ ఉంటారు. ఇక్కడ పావుగంటకి ఒక సైకిలు గంట కొడుతుంది, ఎప్పుడో ఒక పడవ వస్తుంది. పడవ వేగం గంటకి నాలుగు మైళ్లు దాటకూడదు, కాబట్టి అది మనల్ని దాటిపోవడం కూడా నింపాదిగానే. గట్టుని టోపాత్ అంటారు, గుర్రాలు తాడుతో పడవని లాగిన దారి. మా గోదావరి జిల్లాల్లో రాదారి పడవల్ని మనుషులే గట్టు మీద నడుస్తూ తాడు భుజానేసుకుని లాగేవారు. నాన్న వంతెన మూలని తడుముతూ తాడు ఒరిపిడి గాడులు వెతికారు, ఇంగ్లండ్ కాలువల మీద చాలా పాత వంతెనలకి అవి ఉంటాయని నేను చెప్పబట్టి.

బల్బోర్న్ అనే పల్లె దాటాక మార్స్‌వర్త్ లాకులు మొదలవుతాయి, వరసగా ఏడు. లాకంటే పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గది. మాది పాలకొల్లు దగ్గర పల్లె. తాతయ్య లాకుల మీద లస్కరు, అంటే వాటి తలుపులు తీసి మూసే ప్రభుత్వోద్యోగి, నాన్న ఆ లాకుల దగ్గరే పెరిగారు. ఒక పడవ పైకి ఎక్కడానికి రావడంతో అక్కడే ఆగిపోయాం. పడవలో మొగుడూ పెళ్లాం ఇద్దరే, డెబ్భై దగ్గర్లో ఉంటారు. ఆవిడ చేతిలో మోచేయిలా వంగిన ఇనప హ్యాండిల్. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపుల దగ్గరికి వెళ్లి ఆ హ్యాండిల్ తగిలించి తిప్పడం మొదలుపెట్టింది. పళ్లచక్రం టకటకమంటోంది, కింద తూము లేచి నీళ్లు సుడులు తిరుగుతూ లోపలికొస్తున్నాయి.

"లస్కరు ఏడిరా?"

లస్కరు లేడు నాన్నా, ఎవరి పడవకి వాళ్లే అని చెప్తే నమ్మలేదు. ప్రభుత్వం లాకు తాళం జనం చేతికిస్తుందా అని. ఇప్పుడు ప్రభుత్వం కూడా కాదు, 2012 నుంచి ఒక ట్రస్టు చూస్తోంది, సీజన్‌లో కొన్ని లాకుల దగ్గర వాలంటీర్లు సాయం చేస్తారు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే మట్టానికి వచ్చేదాకా తలుపు ఏనుగు తోసినా కదలదు, వచ్చాక ఒక మనిషి వీపు ఆనిస్తే చాలు. అది మాత్రం నాన్నకి నేను చెప్పక్కర్లేదు. నీళ్ల కేసి చూస్తూ "ఇంకా బెత్తెడుంది" అన్నారు. ఆవిడకి తెలుగు రాదు, కానీ నాన్న మొహం చూసి అర్థమైనట్టుంది, రమ్మని చెయ్యూపింది. తలుపుకున్న పొడవాటి దుంగకి వీపు ఆనించి, నేలలో నెలవంకలా పరిచిన ఇటుకల వరసల్లో పైకి పొడుచుకొచ్చిన వాటికి మడమ తన్నిపెట్టి తోశారు. ఆ ఇటుకలు కాలు జారకుండా పెట్టినవేనని నాకప్పటిదాకా తెలియదు.

తరవాత ఆయన అడిగిన ప్రశ్న ఇంజనీరు అడగాల్సినది. కాలువ గుట్ట ఎక్కి దిగుతోంది, మరి పైన నీళ్లెక్కణ్నుంచి? మన కాలువలకి పైన గోదావరి ఉంది, 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది, నీళ్లు పల్లానికి వాటంతటవే పోతాయి, దారిలో పొలాలకీ అవే, పడవలకీ అవే. ఇక్కడి కాలువ పొలాల కోసం తవ్వింది కాదు, పడవల కోసం. పడవ గుట్ట దాటిన ప్రతిసారీ రెండు పక్కలా ఒక్కో లాకెడు నీళ్లు కిందికి పోతాయి, లాకెడంటే రెండు లక్షల లీటర్ల పైమాటే. ఆ నష్టం పూడ్చడానికే పక్కన నాలుగు చెరువులు తవ్వారు. స్టార్టాప్స్ ఎండ్ చెరువు గట్టు లాకులకి ఆనుకునే ఉంటుంది, ఎక్కి చూడండి. పడవల కోసం కట్టిన చెరువు ఇప్పుడు పిట్టలదైంది. మన గోదావరి ఇసకతిన్నెల మీద కూడా పరుగులు పెట్టే లిటిల్ రింగ్డ్ ప్లవర్ అనే బుల్లి పిట్ట, బ్రిటన్‌లో మొదటిసారి గూడు పెట్టింది ఈ చెరువుల దగ్గరే, 1938లో.

మోకాళ్లు బాగోకపోతే కొండ మానేసి కాలువ ఒక్కటే చేయండి. నేల అంతా చదును, లాకుల దాకా పోను రెండున్నర మైళ్లు, రాను మళ్లీ అంతే. చివర్లో టీ దొరుకుతుంది. గట్టు పక్కన ముదురాకుపచ్చ నెటిల్ మొక్కలుంటాయి, మన దూలగొండికి తమ్ముళ్లు, అమ్మ చీర కుచ్చిళ్లు జాగ్రత్త. అడవిలో గడ్డి ఎత్తుగా ఉన్నచోట నడిస్తే ఇంటికొచ్చి కాళ్లకి పేలలాంటి టిక్‌లు పట్టాయేమో చూసుకోండి, వాటితో లైమ్ అనే జబ్బు వచ్చే అవకాశముంది. కట్టేసి ఉన్న పడవల్లో మనుషులు కాపురముంటారు, కిటికీల్లోకి తొంగి చూడకండి, అమ్మ చూసింది.

మీ నాన్నగారిది కూడా కాలువల ఊరైతే లాకుల దగ్గర ఇంకో గంట ఎక్కువ వేసుకోండి. మాకు నాలుగున్నర రైలు తప్పిపోయింది.