వాయిదా తక్కువని కొత్త ట్రైలర్ వైపు మొగ్గకండి

ప్రశ్న: హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. గ్రీన్ కార్డు ఉంది. ట్రక్కు నా సొంతం, అప్పు తీరిపోయింది, 6,20,000 మైళ్లు తిరిగింది. ఒక క్యారియర్ (సరుకు రవాణా కంపెనీ) దగ్గర లీజు మీద వాళ్ల ఫ్లాట్‌బెడ్ ట్రైలరే, అంటే డెక్కు అంతా ఒకే ఎత్తులో ఉండేదే, లాగుతున్నాను. అద్దె కింద వారానికి 225 డాలర్లు పట్టుకుంటారు. కంప్రెసర్లు, పెద్ద ఏసీ యూనిట్లు, ఫ్యాక్టరీ యంత్రాలు, 25 వేల నుంచి 42 వేల పౌండ్ల లోడ్లు ఎక్కువ. ఓక్లహోమా, జార్జియా, అరిజోనా తిరుగుతాను, అప్పుడప్పుడు కాలిఫోర్నియా. నెలకు 9,000 మైళ్ల దాకా. ఎత్తు సరిపోక వదులుకున్న లోడ్లు చాలా ఉన్నాయి. సొంత స్టెప్ డెక్ (ముందు కొంత తప్ప మిగతా డెక్కు కిందికి దిగి ఉండే ట్రైలర్) ఉంటే అలాంటి లోడుకు నా వాటాకు 150 డాలర్ల దాకా ఎక్కువ వస్తుందని లోడ్లు కేటాయించే డిస్పాచర్ అంటున్నాడు. రెండు బేరాలు చూశాను. ఒకటి 53 అడుగుల కొత్త అల్యూమినియం స్టెప్ డెక్, 68,000 డాలర్లు, పన్ను అదనం. ఉన్న 40,000 పొదుపూ కట్టేస్తే మిగతాది 5 ఏళ్లకు 9 శాతం వడ్డీకి ఇస్తారట. రెండోది 2019 మోడల్, ఇనుప బీములు, అల్యూమినియం డెక్కు, 31,000 డాలర్లు. 20 శాతం కడితే మిగతాది 3 ఏళ్లకు 11 శాతం. కొత్తదానికే నెల వాయిదా తక్కువ పడుతోంది, అదే తీసుకోమని స్నేహితులు అంటున్నారు. డబ్బు చాలకపోతే పిడుగురాళ్లలో నా పేరు మీదున్న స్థలం అమ్మి పంపిస్తానని మా బావ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: పాతది తీసుకోండి. అయితే ఈ కింద చెప్పినవన్నీ చూసుకున్నాకే. స్థలం జోలికి వెళ్లొద్దు.

ముందు ఆ వాయిదా సంగతి తేల్చుకుందాం. 26,000 పౌండ్లకు మించిన స్థూల బరువు రేటింగ్ ఉన్న ట్రైలర్‌ను కొత్తగా కొంటే ఫెడరల్ ఎక్సైజ్ పన్ను 12 శాతం పడుతుంది. మీరు చూసిన 68,000 మీద అది 8,160. అంటే ధర 76,160. మీ 40,000 పోగా 36,160 అప్పు, నెలకు దాదాపు 751 డాలర్లు. పాతదానికి ఈ పన్ను లేదు, ఎందుకంటే అది మొదటి అమ్మకం మీదే వేసేది. 6,200 కట్టి 24,800 అప్పు తీసుకుంటే వాయిదా దాదాపు 812. పైకి కొత్తదే 61 డాలర్లు చవక. కానీ ఆ 61 డాలర్ల కోసం మీరు ఇస్తున్నది మీ మొత్తం పొదుపు, పైన ఇంకో రెండేళ్ల వాయిదాలు. వడ్డీయే చూడండి: కొత్తదానికి మొత్తం 8,900 దాకా, పాతదానికి 4,400 పైచిలుకు.

ఆరు లక్షల మైళ్లు దాటిన ఇంజిన్ ఉన్న మనిషి చేతిలో రొక్కం లేకుండా ఉండకూడదు. ఇంజిన్ ఓవర్‌హాల్‌కు వస్తే ఖర్చు 20,000 డాలర్లు దాటడం మామూలే. ఆ వారాల్లో లోడూ ఉండదు, కొత్త ట్రైలర్ యార్డులో నిలబడి ఉంటుంది, వాయిదా మాత్రం వస్తూనే ఉంటుంది. ట్రైలర్ సరిగ్గా ఎంచుకోలేక దెబ్బతిన్నవాళ్లకంటే, మంచి ట్రైలరే కొని చేతిలో డబ్బు లేక ట్రక్కు పోగొట్టుకున్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. పాతదానికి 6,200 కట్టి, ర్యాంపులకూ టైర్లకూ ఇంకో 3,000 పోసినా మీ దగ్గర 30,800 మిగులుతుంది. దాన్ని ట్రక్కు కోసమని విడిగా సేవింగ్స్ ఖాతాలో ఉంచండి.

ఇప్పుడు నెలవారీ లెక్క. వారానికి 225 అంటే నెలకు సగటున 975 అద్దె. సొంతదైతే 812 వాయిదా, ట్రైలర్ ఇన్సూరెన్సుకు 95 అనుకుందాం (మీకొచ్చే కోట్ చూసి మార్చుకోండి). టైర్లూ బ్రేకులూ ఇప్పటిదాకా క్యారియర్ చూసుకుంది. ఇకమీదట మీరే. మైలుకు 5 సెంట్లు పక్కన పెట్టమంటాను, 9,000 మైళ్లకు 450. మొత్తం 1,357. అద్దె ఆదా అయ్యాక కూడా నెలకు 382 డాలర్లు ఎదురు పెట్టాలి. డిస్పాచర్ చెప్పిన 150 నిజమే అయితే నెలకు మూడు స్టెప్ డెక్ లోడ్లతో అది పూడుతుంది. మూడేళ్లు గడిచి అప్పు తీరాక ఇదే లెక్క తిరగబడి నెలకు 430 మిగులుతుంది.

ఆ మూడు లోడ్లు నిజంగా ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. డిస్పాచర్ మాట మీద కొనకండి. గత ఆరు నెలల్లో ఎత్తు వల్ల వదిలేసిన లోడ్లు ఎన్నో, ఎక్కడినుంచి ఎక్కడికో, ఎంత ఇస్తామన్నారో ఫోన్ మెసేజ్‌లు తిరగేసి ఒక కాగితం మీద రాయండి. నెలకు రెండుకు మించి తేలకపోతే ఫ్లాట్‌బెడ్ మీదే ఉండండి.

తేలితే, ఏ ట్రైలర్ కావాలన్నది ఆ కాగితమే చెబుతుంది. ఒక ఉదాహరణ: తొమ్మిదిన్నర అడుగుల కంప్రెసర్. ఫ్లాట్‌బెడ్ డెక్కు నేల నుంచి దాదాపు 60 అంగుళాలు. దాని మీద పెడితే పైకొన 14 అడుగుల 6 అంగుళాలకు పోతుంది. టెక్సాస్‌లో అనుమతించే 14 అడుగులనే దాటేసింది, చాలా రాష్ట్రాల్లో ఉన్న 13 అడుగుల 6 అంగుళాల సంగతి చెప్పనక్కర్లేదు. స్టెప్ డెక్ దిగువ డెక్కు దాదాపు 40 అంగుళాలు. అదే కంప్రెసర్ 12 అడుగుల 10 అంగుళాల్లో నిలబడుతుంది, పర్మిట్ అక్కర్లేదు. మీ సరుకు ఎత్తు పది అడుగుల లోపే ఉంటే 22.5 అంగుళాల రిమ్ముల మీద లో ప్రొఫైల్ టైర్లున్న మామూలు స్టెప్ డెక్ చాలు. ఇంకా కిందికి దించే 17.5 అంగుళాల చక్రాల జోలికి పోవద్దు. చిన్న టైరు ఎక్కువ తిరుగుతుంది, వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది, అర్ధరాత్రి పేలితే దారిలో దొరకడం కష్టం.

యాక్సిళ్లు (ఇరుసులు) స్ప్రెడ్‌వే, అంటే ఎడంగా ఉండేవే తీసుకోండి. దగ్గరగా ఉండే టాండమ్‌కు ఫెడరల్ పరిమితి 34,000 పౌండ్లు. రెండింటి మధ్య పదడుగులకు పైన ఎడముంటే ఒక్కోదానికి 20,000 చొప్పున 40,000. ఫ్లాట్‌బెడ్ మీద యంత్రాన్ని ముందుకో వెనక్కో జరిపి బరువు సర్దుకునేవారు. ఎత్తైన యంత్రాన్ని స్టెప్ డెక్ పై డెక్కు మీదికి ఎక్కించలేరు కాబట్టి బరువంతా వెనక యాక్సిళ్ల వైపే మొగ్గుతుంది. ఆ 6,000 పౌండ్ల వెసులుబాటు అక్కడ పనికొస్తుంది. దానికి మూల్యం కూడా ఉంది: ఇరుకు మలుపుల్లో స్ప్రెడ్ టైర్లు నేలను ఈడ్చుకుంటూ వస్తాయి. ఎయిర్ రైడ్ (గాలి సంచుల సస్పెన్షన్) ఉండి, ముందు యాక్సిల్ గాలి వదిలే డంప్ వాల్వ్ పనిచేస్తుంటే ఆ అరుగుదల తగ్గుతుంది. కాలిఫోర్నియా వెళ్తారన్నారు కాబట్టి ఇంకోటి. అక్కడ 53 అడుగుల ట్రైలర్‌కు కింగ్‌పిన్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే పిన్ను) నుంచి చివరి యాక్సిల్ దాకా 40 అడుగులు మించకూడదు. వెనక యాక్సిల్ ముందుకు జరిగేలా ఉందో లేదో చూడండి. బిగించేసిన స్ప్రెడ్ అయితే ఆ రాష్ట్రం లోడ్లు మర్చిపోవాలి.

అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, నిజమే. మీ ట్రక్కు డీజిల్‌తో, మీతో కలిపి 19,500 పౌండ్లు, ఇనుము కలిసిన ట్రైలర్ 12,500, గొలుసులూ టార్పులూ 1,500 అనుకోండి. మొత్తం బండి బరువుకు పరిమితి అయిన 80,000లో ఇవి పోగా 46,500 పౌండ్ల సరుకు ఎక్కించొచ్చు. పూర్తి అల్యూమినియమైతే ఇంకో 2,000 పెరుగుతుంది. మీ పెద్ద లోడే 42,000. వాడని 2,000 పౌండ్ల కోసం 45,000 డాలర్లు ఎందుకు? బరువు విషయంలో మీరు అడగాల్సింది వేరే ఉంది. యంత్రం అడుగుభాగం ఎనిమిది అడుగులే ఉండి 40,000 పౌండ్లుంటే, అంత కొద్ది పొడవులో అంత బరువు మోసే రేటింగ్ ఆ ట్రైలర్‌కు ఉందా? తయారీదారు ఇచ్చిన కాగితంలో ఎన్ని అడుగులకు ఎన్ని పౌండ్లో రాసి ఉంటుంది. అది చూపించలేనివాడి దగ్గర కొనకండి.

చూడటానికి వెళ్లినప్పుడు పెయింటు చూసి మురిసిపోవద్దు. టార్చి పట్టుకుని కిందికి దూరండి. పై డెక్కు కిందికి దిగే మెడ దగ్గర రెండు ప్రధాన బీముల వంపు ఉంటుంది. ట్రైలర్ శ్రమంతా అక్కడే. వెల్డింగు అంచు వెంబడి వెంట్రుకంత సన్నటి గోధుమ రంగు గీత కనిపిస్తే గోటితో గీకండి. పైపై తుప్పయితే పొడిలా రాలుతుంది. గీత అలాగే ఉండి, కింద తడి తుప్పు ధారకట్టి ఉంటే అది పగులు, బేరం అక్కడితో ఆపేయండి. ఇనుమూ అల్యూమినియమూ కలిసే బోల్టుల చుట్టూ తెల్లటి పొడి పేరుకుందా చూడండి. మంచు రోడ్ల ఉప్పులో తిరిగిన బండ్లలో అక్కడే తినేస్తుంది. టైరు పక్కన డాట్ నంబరు చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. ఎనిమిది టైర్లూ అంత పాతవే అయితే కొత్త టైర్ల ధర బేరంలోంచి తగ్గించమనండి. మీ దగ్గర లేని ర్యాంపులు కూడా ఈ బేరంలోనే అడగాలి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద బ్యాంకు అప్పు లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

డీలర్లు పన్ను సంగతి ఎత్తుతారు, “మొత్తం ట్యాక్సులో వచ్చేస్తుంది” అని. 2025 జనవరి 19 తర్వాత కొన్న పరికరాల ధర మొత్తాన్ని మొదటి ఏడాదే ఖర్చుగా చూపించే వీలు ఉంది, పాత ట్రైలర్‌కు కూడా. కానీ అది ఆదాయంలోంచి తీసేసే మొత్తమే, ప్రభుత్వం తిరిగిచ్చే డబ్బు కాదు. 22 శాతం బ్రాకెట్‌లో, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను కలుపుకున్నా, మీకు మిగిలేది మూడో వంతు చుట్టుపక్కలే. మిగతా రెండు వంతులు మీ జేబులోంచే పోతాయి. రేపు అమ్మినప్పుడు, అంతా ఖర్చుగా రాసేశారు కాబట్టి, వచ్చిన డబ్బు ఆదాయంగా లెక్కకొస్తుంది. ఒకేసారి రాయాలా, ఐదేళ్ల తరుగుదలగా పంచాలా అన్నది మీ సీపీఏతో (పన్నుల అకౌంటెంటుతో) ఈ ఏడాది ఆదాయం చూసుకుని తేల్చుకోండి.

పిడుగురాళ్ల స్థలం మీ పేరు మీదుంది కాబట్టి అమ్మితే లాభం మీద అక్కడ పన్ను ఉంటుంది, ఇక్కడి రిటర్న్‌లోనూ చూపించాలి. మీరు కొనబోయే ట్రైలర్‌కు ఆ డబ్బు అవసరమే లేదు. బావగారికి కృతజ్ఞతలు చెప్పి ఊరుకోండి.

చివరిగా, వరుస తప్పొద్దు. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టకముందే క్యారియర్‌తో మాట్లాడి, సొంత ట్రైలర్ తెస్తే అద్దె కోత పూర్తిగా పోతుందనీ, మీ వాటా శాతం ఎంతనీ, స్టెప్ డెక్ లోడ్ల లెక్క ఎలాగనీ లీజులోనే రాయించుకోండి. మీకిచ్చే ప్రతిఫలమూ మీ దగ్గర పట్టుకునే కోతలూ లీజులో స్పష్టంగా ఉండాలని ఫెడరల్ లీజింగ్ నిబంధనలే చెబుతున్నాయి, కాబట్టి ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. సవరించిన లీజు సంతకాలతో మీ చేతికి వచ్చాకే ట్రైలర్‌కు అడ్వాన్సు ఇవ్వండి.