స్తుతులు చెల్లుతాయా?

సందేహం: మా సంఘంలో ఆదివారం ఆరాధనప్పుడు ‘దేవునికి హృదయపూర్వక కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తున్నాము’ అంటారు. కరెంటు బిల్లు చెల్లిస్తాం, బడి ఫీజు చెల్లిస్తాం. స్తుతిని చెల్లించడమేమిటి? ‘చేస్తున్నాము’ అనాలి కదా? స్తుతి, స్తోత్రం ఒకటేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, పాలకొల్లు

సమాధానం: అమ్మా, బిల్లులు నిన్నమొన్న వచ్చాయి. చెల్లించడం మన ఇళ్లలో అంతకు ఎంతో ముందునుంచీ ఉంది. మొక్కు చెల్లించాం, పంతం చెల్లించుకున్నాం, ఆడిన మాట చెల్లించుకున్నాం, పసివాడి ముద్దు చెల్లించాం. వీటిలో ఎక్కడా పైసా ప్రస్తావన లేదు. బ్యాంకు కౌంటరు దగ్గర తప్ప ఈ మాట వినపడని రోజులు వచ్చాయి కాబట్టే మీకు ఈ అనుమానం వచ్చింది. తప్పు మీది కాదు, పత్రికలది.

చెల్లు అనేది అచ్చమైన ద్రావిడ ధాతువు. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళు. కన్నడంలో ‘సల్లు’. మూలార్థం సాగిపోవడమే. కాలం సాగిపోతే ‘నూరేళ్లూ చెల్లాయి’ అన్నాం. నాణెం చేయి మారుతూ సాగకపోతే చెల్లని కాసు అన్నాం. ఒక పని ఒకరికే తగితే ‘అది ఆయనకే చెల్లింది’ అన్నాం. ఈ చివరి అర్థాన్ని కాస్త పట్టుకోండి. చెల్లు అంటే తగు, చెందు. దానికి ప్రేరణార్థకం చెల్లించు. ఎవరికి చెందినదాన్ని వారి దగ్గరికి సాగనంపడం అన్నమాట. డబ్బు అలా సాగనంపే వస్తువుల్లో ఒకటి, అంతే. తమిళులు ‘నన్ఱి సెలుత్తు’ అంటారు, కన్నడిగులు ‘వందనె సల్లిసు’ అంటారు. ముగ్గురు అక్కచెల్లెళ్లకూ ఒకే పలుకుబడి ఉంటే దాన్ని తప్పు పట్టడానికి మనమెవరం?

ఇక బైబిలు సంగతి. 116వ కీర్తనలో భక్తుడు ‘యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?’ అని తనను తానే అడుగుకుంటాడు. రెండు వచనాల తర్వాత జవాబు: ‘యెహోవాకు నా మ్రొక్కుబళ్లు చెల్లించెదను, ఆయన ప్రజలందరియెదుటనే చెల్లించెదను.’ ఈ రెండుచోట్లా హీబ్రూలో క్రియ ఒకటి కాదు. ప్రశ్నలో ఉన్నది ‘తిరిగి ఇచ్చు’ అనే అర్థమిచ్చే మాట. జవాబులో ఉన్నది షాలోం (శాంతి, క్షేమం) అనే పదానికి దగ్గర చుట్టం. లోటు లేకుండా పూర్తిచేయడం దాని భావం. తెలుగు చేసినవారు రెంటికీ చెల్లించు అనే వేశారు. మాటల పేదరికం చేత అలా వేశారనుకోను. మొక్కు చెల్లించే జాతి చెవికి ఆ ప్రశ్నా ఆ జవాబూ ఒకే క్రియతో ముడిపడితేనే పద్యం పూర్తవుతుంది. మూలంలో లేని అందం తెలుగులో కుదిరిన చోటు ఇది.

‘ప్రజలందరియెదుటనే’ అన్నది కూడా ఊరికే అన్నది కాదు. లేవీయకాండం 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణ నియమం ఉంది: ఆ బలిమాంసాన్ని ఆ రోజే తినేయాలి, తెల్లవారేదాకా ఉంచకూడదు. ఒక పశువు మాంసం, దానితోపాటు రొట్టెలు. ఒక్క కుటుంబం వల్ల అయ్యే పనేనా? పదిమందినీ పిలవాల్సిందే. ఆ అర్పణకు హీబ్రూలో తోదా అని పేరు. నేటి ఇజ్రాయెల్‌లో బస్సు దిగుతూ డ్రైవరుకు చెప్పే మాటా అదే. మీ ప్రాంతపు చర్చిలలో కోతపండుగనాడు గుమ్మడికాయలూ, వడ్ల బస్తాలూ, కోళ్లూ తెచ్చి ముందు పెడతారు చూడండి, అక్కడ చెల్లించడం కంటికి కనిపిస్తుంది. గుణదల మేరీమాత తిరునాళ్లలో తలనీలాలిచ్చేవారిని అడగండి, వారు ‘మొక్కు చేశాం’ అనరు.

స్తుతి, స్తోత్రాల మాట: రెండూ ‘స్తు’ ధాతువువే. స్తుతి పొగడడం, స్తోత్రం పొగడడానికి సాధనం, నేత్రం, శస్త్రం లాగే. యజ్ఞాలలో సామగానం చేసేది స్తోత్రం, ఋక్కులుగా చదివేది శస్త్రం (ఇది ఆయుధం కాదు, వేరే మాట). క్రైస్తవ వ్యవహారంలో ఈ తేడా చెరిగిపోయింది, ‘స్తోత్రం’ పలకరింపు కూడా అయింది. ఉండనివ్వండి.

నా ఫిర్యాదంతా మీరు అడగని మాట మీద. ‘హృదయపూర్వక’ ఎందుకు? పెళ్లి ఫ్లెక్సీల మీదా, రాజకీయ నాయకుల పుట్టినరోజు ప్రకటనల్లోనూ అరిగిపోయిన మాట అది. తెలుగుకు ‘ఆర’ అనే రెండక్షరాల సొత్తు ఉంది: మనసారా, నోరారా, కన్నులారా. ‘చేతులారంగ శివునిఁ బూజింపఁడేని, నోరునొవ్వంగ హరికీర్తి నుడువఁడేని’ అన్నాడు పోతన. నోరు నొచ్చేదాకా పొగడాలట! ఆ పక్కన ‘హృదయపూర్వక’ పెట్టి చూడండి, సంతకం కోసం వచ్చిన దరఖాస్తులా ఉంటుంది. ‘కృతజ్ఞతాపూర్వక వందనాలు తెలియజేసుకుంటున్నాము’ అనేవారి సంగతి ఎత్తనే ఎత్తను.

కాబట్టి ‘స్తుతులు చెల్లిస్తున్నాము’ నిర్దుష్టం. ‘స్తుతి చేస్తున్నాము’ కూడా తప్పనలేను, పూర్వ ప్రయోగాలు ఉన్నాయి. ఇప్పుడు కొందరు ‘చెల్లించుకుంటున్నాము’ అంటున్నారు. మొక్కు విషయంలో ఆ ‘కొను’ ఒప్పుకుంటాం, మొక్కుకున్నవాడి భారం దిగుతుంది గనుక. స్తుతిలో దిగే భారం ఏమిటో వ్యాకరణం చెప్పదు. అది మీ పాస్టరుగారిని అడగాలి.